రెండు బూరల మహాలక్ష్మమ్మ

ఓర్వలేనితనం లేని మనిషి ఉంటాడా అండీ? ఉండడు. కాకపోతే కొందరు దాన్ని కడుపులో దాచుకుంటారు, కొందరు కొంగున ముడేసుకుని వీధి వీధీ తిప్పుతారు. మహాలక్ష్మమ్మ రెండో రకం. ద్రాక్షారామానికి దిగువన, కాలువ గట్టు పక్క ఊళ్ళో, ఆవిడ పేరు చెబితే ముందు నవ్వేవారు, ఆ తరవాత ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసుకునేవారు. పక్కింటి పాపాయమ్మ గేదె పెయ్యదూడని ఈనిందంటే ఈవిడకి అన్నం సయించేది కాదు. పినతల్లి కూతురికి కాసులపేరు చేయించారని తెలిస్తే ఒళ్ళు వెచ్చబడేది. "ఏం చెయ్యమంటావు? కొందరికి ఊరికూరికే పడిశం పట్టదూ, నాకిది పడతది" అని తనే చెప్పుకునేది, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

మొగుడు బుల్లియ్య ఆవిడకి మేనబావే. కాలువ కింద మంచి పల్లపు భూమి, కొబ్బరితోట, మండువా లోగిలి ఉన్న రైతు. మెత్తని మనిషి. మెత్తని వాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు కదా, ఆయన్ని మొదట తల్లి మొత్తింది, తరవాత పెళ్ళాం మొత్తింది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా మహాలక్ష్మమ్మ కడుపు పండలేదు. భీమేశ్వరుడికి మొక్కింది, పుట్టలో పాలు పోసింది, ఎవరేం చెబితే అది మింగింది. ఆఖరికి అత్తగారు కొడుక్కి మళ్ళీ పెళ్ళి మాట ఎత్తింది.

ఇంకొకతె అయితే ఏడుస్తూ పుట్టింటికి పోయేది. మహాలక్ష్మమ్మ పోలేదు. సవతి ఎలాగూ తప్పనప్పుడు, ఎవరో తెచ్చిన సవతి కంటే తను ఏరి తెచ్చుకున్న సవతి నయం కదా అనుకుంది. బండి కట్టించుకుని తుని దాకా పోయి, ఒక పేదింట్లో లోవలక్ష్మి అనే పిల్లని చూసింది. నిలబెట్టి చూసింది, నడిపించి చూసింది, నవ్వించి చూసింది. తనకంటే ఒక పిసరు చామన, తనకంటే జడ పొట్టి, నోట్లో నాలుక లేని పిల్ల అని రూఢి చేసుకున్నాకే తాంబూలాలు పుచ్చుకుంది.

పెళ్ళికి ముందే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఒక మాట తీసుకుంది. "దానికి ఏది తెస్తే నాకూ అదే తేవాలి. దానికి మూరెడు పూలు తెస్తే నాకూ మూరెడు. ఒక వేలు తగ్గినా నేనొప్పుకోను" అంది. పెద్దమనుషులు న్యాయమే అన్నారు. బుల్లియ్య తలూపాడు. అప్పట్నించీ ఆ ఇంట్లోకి ఏదొచ్చినా జోడుగానే వచ్చేది. చీరలు జోడు, దువ్వెనలు జోడు, నులక మంచాలు జోడు. ఒకసారి సంతలో ఒకటే పనసపండు దొరికితే, బుల్లియ్య అది అక్కడే తినేసి మూతి కడుక్కుని ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చాడు పాపం. మండువాకి తూర్పుగది పెద్దామెది, పడమటిగది చిన్నామెది. పొయ్యిలు రెండు. రాత్రుళ్ళు వంతులు.

అత్తగారు మనవణ్ణి చూడకుండానే పోయింది; లోవలక్ష్మికీ పిల్లలు కలగలేదు. ఆ సంగతికి మహాలక్ష్మమ్మ నలుగురిలో నిట్టూర్చింది, గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. ఊళ్ళోవాళ్ళకి అప్పుడు బుల్లియ్య మీద అనుమానం రావలసింది. రాలేదు. మగాణ్ణి ఎవరంటారండీ!

అయితే పంపకానికి రానిది ఒకటి ఆ ఇంట్లో మిగిలింది. సాయంత్రం. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బుల్లియ్య తూర్పు వసారాలో బల్ల మీద కూర్చునేవాడు. మహాలక్ష్మమ్మ ఆకులకి సున్నం రాసి అందించేది. ఏ చేలో ఎలక పడింది, ఏ కూలీ ఎగ్గొట్టాడు, ఎవరి గట్టు ఎవరు నరికారు, అన్నీ చెప్పేవాడు. వంతు ఎవరిదైనా సాయంత్రం మాత్రం తూర్పు వసారాదే. లోవలక్ష్మి రాకముందు నుంచీ ఉన్న అలవాటు గనక దాన్ని విడగొట్టాలని ఎవరికీ తోచలేదు. మహాలక్ష్మమ్మకి తోచినా నోరు మూసుకుంది. బిడ్డలు లేని మనిషికి, సగం మొగుడున్న మనిషికి, నిండుగా ఉన్నది అదొక్కటే. అది పోతే ఆ ఇంట్లో తనకేమీ మిగలదని ఆవిడకి బాగా తెలుసు.

అది పాటల పెట్టె వచ్చాక పోయింది.

కొత్త శతాబ్దం వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. బుల్లియ్య కొబ్బరికాయల బేరానికి యానాం వెళ్ళాడు. అక్కడ ఒక ఫ్రెంచి దొర దేశం వెళ్ళిపోతూ సామాన్లు వేలం వేయిస్తున్నాడు. కుర్చీలు పోయాయి, అద్దాలు పోయాయి, ఆఖర్న ఒక చెక్క పెట్టె, దాని మెడకి ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్న ఇత్తడి బూర, నాలుగు నల్లటి పళ్ళాలు మిగిలాయి. దొరగారి బంట్రోతు పిడి తిప్పి, పళ్ళెం మీద ముల్లు ఆనించాడు. ఎవరో దొరసాని పాడింది. అంతే, బుల్లియ్య అక్కడే కూలబడిపోయాడు. రెండో పెళ్ళయ్యాక జోడు లేకుండా ఆయన ఇంటికి తెచ్చిన వస్తువు అదొక్కటే.

పడవలో దిగిన పెట్టెని చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. "ఇంత చిన్నదా? రామచంద్రపురంలో పెళ్ళికి తెచ్చిన పెట్టె బూరలో పసిపిల్లాణ్ణి పడుకోబెట్టొచ్చు" అని ఎవరో పెదవి విరిచారు.

"ఆ పెళ్ళికి నేనూ ఎల్లానండి" అన్నాడు బుల్లియ్య. "చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి గానీ ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఊరందరికీ వినిపించే పెట్టె నాకెందుకండి? నా వసారాలో నాకు వినిపిస్తే చాలు."

ఆ మాట నిజం. ఆ చిన్న పెట్టెలో ఉన్నది ముల్లుతోబాటు అదిరే ఒక్క రేకు, ఒక్కటే గొట్టం, ఒక్కటే నోరు. కానీ దొరసాని లావు గొంతూ, సన్న గొంతూ, వెనకాల వాయిద్యమూ, ఆవిడ మధ్యమధ్య ఊపిరి పీల్చడమూ, అన్నీ ఆ ఒక్క నోట్లోంచే వచ్చేవి. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటే, ఆవిడ కూడా పీట వేసుకుని మనకోసమే పాడుతున్నట్టుండేది. మాట అర్థం కాదు. అయినా అందరూ ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. "సవతి మీద ఏడుస్తోంది, ఇంకేముంటది!" అని మహాలక్ష్మమ్మ తేల్చేసింది.

పెట్టె బాగుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? తూర్పుగదిలో పెడితే అన్యాయం, పడమటిగదిలో పెడితే ఘోరం. మండువా నడుమ పెట్టారు. పెట్టె నడుమనే ఉంటుంది గానీ బూర మూతి ఏదో ఒక వైపుకే ఉంటుంది కదండీ! ఎటు తిప్పాలి? బుల్లియ్య ఆలోచించి ఆలోచించి, ఎవరి వంతు రోజున బూర వాళ్ళ వైపు అన్నాడు. న్యాయంగానే ఉంది. ఉండి కొంప ముంచింది. పాట వినాలంటే బూరకి ఎదురుగా కూర్చోవాలి. చిన్నామె వంతు రోజున బుల్లియ్య తువ్వాలు దులుపుకుని పడమటి వసారాకి పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు.

మహాలక్ష్మమ్మ ఒంటరిగా తూర్పు బల్ల మీద కూర్చుని, బూర వీపు చూస్తూ, ఆకులకి సున్నం రాసేది. వెనక నుంచి వింటే దొరసాని నోటికి ఎవరో కంబళి కప్పినట్టుండేది. అవతల మొగుడి తల ఊగేది. ఆ పక్కన స్తంభం చాటున లోవలక్ష్మి. ఆ పిల్ల ఏం చేసేది? ఏమీ చేసేది కాదు, కూర్చునేది. కూర్చోవడం కూడా మహాలక్ష్మమ్మకి కారం పూసినట్టుండేది. పులుసులో రెండుసార్లు ఉప్పు పడేది. చుట్టిన ఆకులు చుట్టినట్టే వాడిపోయేవి. "నా సాయంత్రాన్ని నరికి సగం దానికి పెట్టారు" అని గేదెకి చెప్పుకునేది. పాపాయమ్మకి చెబితే ఊరంతా చాటుతుందని భయం.

ఒకనాడు మొగుణ్ణి నిలదీసింది. "బావా, నువ్వు మాట తప్పావు. ఏది తెచ్చినా జోడుగా తెస్తానని పెద్దల ముందు ఒప్పుకున్నావు."

"ఇంకో పెట్టె ఎక్కణ్ణించి తెమ్మంటావే? దొర ఒక్కడేగా ఎల్లిపోయింది!"

"పెట్టె ఒకటే అవనీ. బూరలు రెండు పెట్టించు. నా గదిలోకొకటి, దాని గదిలోకొకటి. నువ్వెక్కడ కూర్చున్నా వినపడతది. అప్పుడు నీ బల్ల మీద నువ్వు కూర్చోవచ్చు."

ఆఖరి మాట మెల్లిగా అంది. బుల్లియ్య ఆఖరి మాట వినిపించుకోలేదు. బూరల మాటకి మాత్రం నీళ్ళు నమిలాడు. దాంతో ఆవిడే కంచరి సత్తియ్యకి కబురు పెట్టింది. బిందెలకి మాట్లు వేసే సత్తియ్యకి చేతకాని పని లేదని సత్తియ్య నమ్మకం. పెట్టె చుట్టూ తిరిగాడు, మెడలో వేలు పెట్టి చూశాడు, వాసన కూడా చూశాడు.

"ఇంతేనా అండి? కాలవకి బోదెలు తీసినట్టేగదా! ఇక్కణ్ణించి పంగల గొట్టం ఒకటి వేసి, కిటికీల్లోంచి గదుల్లోకి లాగి, చెరో బూరా తగిలించేస్తాను. ఒక బూరకే ఇంత మోగితే రెండిటికీ రెట్టింపు మోగుద్దండి!"

ఇత్తడి కావాలన్నాడు. మహాలక్ష్మమ్మ తన సారె బిందె తెచ్చి ముందు పెట్టింది. పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె, చుట్టూ చిలకలు చెక్కిన బిందె, పండగలకి తప్ప నీళ్ళలో ముంచని బిందె. సత్తియ్య కూడా ఒక్క క్షణం ఆగాడు. "కరిగించెయ్యి" అంది.

పంగల గొట్టం తయారైంది. బిందె బూరగా మారి తూర్పుగదిలోకి వెళ్ళింది, పాత బూర పడమటిగదిలోకి వెళ్ళింది. చూడ్డానికి ఊరు మళ్ళీ వచ్చింది. బుల్లియ్య పిడి తిప్పాడు, ముల్లు ఆనించాడు. తూర్పుగదిలోంచి దోమ పాడినట్టు సన్నటి కూత వచ్చింది. పడమటిగదిలోంచి దాని చెల్లెలి కూత వచ్చింది. లావు గొంతు ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. పీల్చిన ఊపిరి గొట్టంలోనే ఆగిపోయింది. మండువాలో నిలబడి వింటే మరీ చోద్యం. పాట అటునుంచి కొంచెం ముందూ ఇటునుంచి కొంచెం వెనకా వచ్చి, దొరసాని రెండు నూతుల్లో పడి రక్షించమని మొత్తుకుంటున్నట్టుంది. మనిషి లేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్న ఆ మనిషి లేదు.

సత్తియ్య ముల్లుని తిట్టాడు, తరవాత పళ్ళేన్ని తిట్టాడు, ఆఖరికి ఫ్రెంచివాళ్ళని తిట్టి ఇంటికి పోయాడు. వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక కాలువ గట్టు దాకా పోయి నవ్వారు. రెండు బూరల మహాలక్ష్మమ్మ అన్న పేరు ఆవేళ పుట్టింది. ఆవిడ మాత్రం తగ్గలేదు. "ఎంత బాగుందో! ఇప్పుడు కదా న్యాయంగా ఉంది" అని గట్టిగా అంది.

బుల్లియ్యకి కోపమొచ్చింది. మెత్తని మనిషి కోపం కూడా మెత్తగానే ఉంటుంది. సాయంత్రాలు పొలం నుంచి తిన్నగా కాలువ గట్టుకి పోయి, అక్కడ పడవల వాళ్ళతో కూర్చోవడం మొదలుపెట్టాడు. తూర్పు బల్లా ఖాళీ, పడమటి వసారా ఖాళీ. మహాలక్ష్మమ్మ ఆ ఖాళీ రెంటినీ చూసుకునేది. ఏడుపు రావాలి కదా? రాలేదు. నాకు లేకపోతే లేకపోయింది, దానికీ లేదు గదా అనుకునేది. ఆ మాట అనుకున్నాక పులుసు కూడా రుచిగా కుదిరేది. మనిషి బుద్ధి అలాంటిది, ఏం చేస్తాం!

ముసురు పట్టింది. గట్టు మీద కూర్చోవడానికి లేక బుల్లియ్య ఇంట్లో చిక్కుపడ్డాడు. పొద్దుపోక పిడి తిప్పి ముల్లు పెట్టాడు. తూర్పుగదిలో బియ్యం ఏరుకుంటున్న మహాలక్ష్మమ్మ ఉలిక్కిపడింది. బిందె బూరలోంచి దొరసాని పాడుతోంది. లావు గొంతు వచ్చింది. వెనకాల వాయిద్యం వచ్చింది. పాట మధ్యలో ఊపిరి పీల్చింది. గుమ్మంలో బుల్లియ్య నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి, తడి తువ్వాలు చేత్తో పట్టుకుని.

"ఇదేంటే, పాడుతోందే!"

"మరేమనుకున్నావు? నా పుట్టింటి ఇత్తడి!" అంది మహాలక్ష్మమ్మ.

ఆ రోజూ మర్నాడూ ఆ పై రోజూ కూడా బుల్లియ్య తూర్పుగదిలోనే కూర్చున్నాడు. వంతు ఎవరిదైనా సాయంత్రం తూర్పుదే. ఆకులు మళ్ళీ చుట్టింది, ఎలకల కబుర్లు మళ్ళీ విన్నది. పాపాయమ్మని పిలిచి గొప్పలు పోయింది. కొత్త ఇత్తడి కదా, పాడగా పాడగా గొంతు తెరుచుకుందని వివరించింది. పాపాయమ్మ మొహం మాడిపోతే ఆవిడ కడుపు నిండింది.

కానీ కుళ్ళున్న మనిషి సంతోషం ఒంటికాలి మీద నిలబడుతుంది. తనకి బాగుంటే చాలదు, అవతల ఎంత బాగాలేదో చూడాలి. పడమటిగదిలో దోమ ఇంకా కూస్తోందా? ఇంకా సన్నబడిందా? ఆ పిల్ల మొహం ఎలా ఉంది? ఇవి తెలియకుండా మహాలక్ష్మమ్మకి నిండు పాట కూడా వెలితిగానే ఉండేది. ఒక సాయంత్రం బుల్లియ్య కళ్ళు మూసుకుని వింటూండగా, నీళ్ళచెంబు వంకతో లేచి, మండువా దాటి, చప్పుడు కాకుండా పడమటిగదిలో అడుగు పెట్టింది.

దోమ కూడా లేదు. గదిలో బూర మూగగా ఉంది. లోవలక్ష్మి బూరకి వీపు పెట్టి, మండువా వైపు కిటికీ దగ్గర నేల మీద ముడుచుకుని కూర్చుని, చెంప ఊచలకి ఆనించి, తూర్పుగది పాట వింటోంది. మహాలక్ష్మమ్మ బూరలోకి తొంగి చూసింది. గొంతులో పాత గుడ్డ కుక్కి ఉంది. ఒక్క లాగు లాగింది.

వెంటనే పడమటి బూర కీచుమంది. వెంటనే అవతల నుంచి బుల్లియ్య కేక వినపడింది. "ఏమైందే? పాట పలచబడిపోయింది!"

మహాలక్ష్మమ్మ చెయ్యి ఆలోచించలేదు. ఆ గుడ్డని చటుక్కున మళ్ళీ బూరలో కుక్కేసింది. కుక్కి, వెనక్కి తిరిగితే, లోవలక్ష్మి తననే చూస్తోంది.

తేలు కుట్టిన దొంగలా అయిపోయింది పెద్దామె పని. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె; ఇక్కడ ఆ పిల్ల నవ్వినా బాగుండేది. నవ్వలేదు. తను ఊరంతా చాటిన పుట్టింటి ఇత్తడి గొప్పతనం ఈ గుడ్డముక్కది! తన మొగుడు తన పక్కన కూర్చోవడం ఇది వేసిన బిచ్చం! ఆ తలపుకి ఆవిడ ఒళ్ళు భగ్గుమంది. ఇవ్వడంలో కూడా ఇది నన్ను దాటిపోయిందే అనుకుంది.

"ఎప్పట్నించే ఈ పని?" అంది, గొంతు తగ్గించి.

"ముసురు పట్టినకాడ్నించండి."

"నా మీద జాలా? నీ జాలి నాకెందుకే? నువ్విస్తే పుచ్చుకునేంత గతిలేనిదాన్ననుకున్నావా?"

"జాలి కాదండి అక్కా." లోవలక్ష్మి లేచి నిలబడింది. ఎప్పుడూ నేల చూసే పిల్ల, ఆవేళ మొహంలోకి చూసింది. "సగం పాట నాకేం చేసుకోనండి? అటు మీకూ సగం, ఇటు నాకూ సగం, ఎవరికీ మనిషి కనపళ్ళేదు. ఒక్కచోట నిండా మోగితే మేలు గదండి."

"అయితే నీ గదిలోనే మోగించుకోలేకపోయావా? నా బూరలో కుక్కాల్సింది గుడ్డ!"

"నా గదిలో మోగితే మీరు రారండి" అంది లోవలక్ష్మి. "మీ గదిలో మోగితే, నన్ను కూడా రమ్మని పిలుస్తారేమో అనుకున్నానండి."

ఆ పిల్ల కిటికీలోంచి తూర్పుగది వైపు చూసింది.

"పిలవలేదండి."

మహాలక్ష్మమ్మ ఎన్నేళ్ళుగానో ఈ పిల్ల దగ్గర ఏముందో కనిపెట్టి చూసిందే గానీ, ఏం లేదో ఒక్కసారీ చూడలేదు. మొగుడు పగలంతా పొలంలో. సాయంత్రం తన దగ్గర. పొయ్యిలు వేరు గనక వంటింట్లో మాట లేదు. వంతులు వేరు గనక వసారాలో మాట లేదు. తుని నుంచి తెచ్చిన నాడు మొదలు ఈ పిల్లకి చీర ఇచ్చారు, దువ్వెన ఇచ్చారు, మంచం ఇచ్చారు, అన్నీ కొలిచి ఇచ్చారు. ఒసే, ఇలా రావే అని ఎవరూ అనలేదు. గేదెతో మాట్లాడుకునేది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఈ పిల్లకి ఆ గేదె కూడా లేదు.

అవన్నీ తెలిశాయి. తెలిసినా నోటి వెంట ఒక్క మంచి మాట రాలేదు. "చాల్లే, మాటలు నేర్చావు" అని చరచరా వెళ్ళిపోయింది. మండువాలో పళ్ళెం అయిపోయి ముల్లు గీరుకుంటోంది. "ఇంకోటి వెయ్యవే" అన్నాడు బుల్లియ్య. వెయ్యలేదు. ఆవేళ ఆకుల్లో సున్నం ఎక్కువై ఆయన నోరు పొక్కింది.

మర్నాడు బుల్లియ్య పొలానికి పోయాక, మహాలక్ష్మమ్మ రోకలి తీసుకొచ్చి పంగల గొట్టాన్ని రెండు పోట్లలో ఊడగొట్టింది. బిందె బూరని అటక మీద పడేసింది. పాత బూరని మళ్ళీ పెట్టె మెడకి తగిలించింది. పెట్టెని ఎత్తుకుని, మండువా నడుమ కాదు, తిన్నగా తన గదిలోనే పెట్టుకుంది. అదీ ఆవిడ గుణం, అది మాత్రం పోతుందా! పెట్టి, గుమ్మంలోకి వచ్చి, చీపురు నేలకేసి కొడుతూ కేకేసింది.

"ఒసే లోవలక్ష్మీ! పిలవలేదు పిలవలేదని ఏడ్చావుగా, పిలుస్తున్నాను. వస్తావా, జడ పుచ్చుకుని ఈడ్చుకు రమ్మంటావా?"

లోవలక్ష్మి పిండి చేతుల్తో పరుగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది, లోపలికి రావచ్చో లేదో తెలియక.

"గడప మీద నించోకు, దరిద్రం. ఆ చాప మీద కూర్చో. పెట్టె నీ ఒక్కదానిదే అన్నట్టు మరీ ముందుకి జరక్కు."

పిడి తిప్పింది. దొరసాని పాడింది. ఒక్క నోటితో, నిండుగా, ఎదురుగా. మహాలక్ష్మమ్మ కళ్ళు బూర మీద నిలవలేదు, పక్కకి పోయాయి. ఆ పిల్ల పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి వింటోంది. పాట నడుమ దొరసాని ఊపిరి పీల్చినప్పుడు ఆ పిల్లా పీల్చింది. మహాలక్ష్మమ్మకి నవ్వొచ్చింది. తను నవ్వితే లోవలక్ష్మీ నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

మర్నాడు మధ్యాహ్నం కూడా పిలిచింది. ఆ తరవాత పిలవక్కర్లేకపోయింది. పాట అయ్యాక కూడా ఆ పిల్ల లేచిపోయేది కాదు. నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల, నాలుక కదిలిస్తే ఆగేది కాదు! తునిలో వాళ్ళమ్మ మామిడితాండ్ర ఎలా పోస్తుందో, తమ్ముడు కొండ మీద కోతిని ఎలా కొట్టి కరిపించుకున్నాడో, తుని స్టేషన్లో రైలు మొదటిసారి చూసి తను ఎలా జడిసి పారిపోయిందో, అన్నీ చెప్పేది. మహాలక్ష్మమ్మ ఆ పిల్ల జడ విప్పి దువ్వుతూ వినేది. పొట్టి జడ అనుకుంది గానీ నూనె పెడితే ఒత్తుగానే ఉందని తెలిసింది. కొంచెం కుళ్ళు పుట్టింది. అయినా దువ్వడం మానలేదు. పొయ్యిలు ఎప్పుడు ఒకటయ్యాయో వాళ్ళకే తెలియదు.

ఒకరోజు బుల్లియ్య కోతల దగ్గర పని ముందే తెగిపోయి, ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు. వీధిలోకే పాట వినపడింది. ఆత్రంగా లోపలికొచ్చి తూర్పుగది గుమ్మంలో నిలబడ్డాడు. చాప మీద ఇద్దరూ ఉన్నారు. పెద్దామె భుజానికి తలానించి చిన్నామె. మధ్యలో చేటలో వేయించిన సెనగలు.

"అదేంటర్రా, నేను లేకుండానే పెట్టుకున్నారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వులో చిన్నబుచ్చుకోవడం ఉంది.

మొగుడి గొంతు వినగానే లోవలక్ష్మి గభాలున లేచింది. కాళ్ళకి నీళ్ళివ్వాలి, తువ్వాలు అందించాలి. దొరసాని పాట సగంలో ఉంది. భుజం మీద బరువు తప్పుకున్న చోట మహాలక్ష్మమ్మకి చల్లగా తగిలింది. ఆ వెంటనే కడుపులో నిప్పు రాజుకుంది. ఆ మంట ఆవిడకి కొత్తది కాదు, పుట్టినప్పట్నించీ ఎరిగినదే, ఎంతమందినో చూసి మండినదే. కానీ ఈసారి అది బుల్లియ్య మీద మండింది. ఎండ ఉండగా వీడెవడు ఇంటికి రావడానికి! వచ్చి నా పక్కనున్న పిల్లని లేవగొట్టడానికి!

"కూర్చోవే!" అని చెయ్యి పట్టుకుని లాగింది. "చెంబు ఆ గట్టు మీదే ఉంది. ఆయనకి చేతుల్లేవా? పాట అవనీ."

లోవలక్ష్మి మొగుడి వైపు చూసింది, అక్క వైపు చూసింది. మళ్ళీ చాప మీద కూర్చుంది. బుల్లియ్య ఇంకాసేపు గుమ్మంలో నిలబడి, చెంబు వెతుక్కుంటూ మండువాలోకి వెళ్ళాడు.